వంటింటి కిటికీలోంచి నీలం గీత

బల్ల మీద మళ్ళీ దుమ్ము. పొద్దున్న తుడిచిందే, సాయంత్రం తుడిచిందే. పక్కన లేస్తున్న ఐదంతస్తుల మేడ నుంచి సిమెంటు పొడి వచ్చి డబ్బాల మూతల మీద, దిండ్ల మీద, చివరికి దువ్వెన పళ్ళ మధ్య కూడా కూర్చుంటోంది. మేడ ఒకరిది, దుమ్ము అందరిది, గుడ్డ మాత్రం ఎప్పుడూ ఆమె చేతిలోనే. అత్తగారు దగ్గి దగ్గి ఆయాసపడుతూ, కొత్తింటికి పోతే ఈ పీడ వదులుతుందే అంది. రోజుకు పదిసార్లు అంటుంది. ఒకప్పుడు ఆ మాటకు ఆమెకు ప్రాణం లేచొచ్చేది. ఇప్పుడు మాత్రం గుండెలో రాయి పడ్డట్టుంటోంది.

ఇళ్ళు కట్టే కంపెనీలో పదమూడేళ్ళుగా ఆమె పని ప్లాన్లు గీయడం. ఊరి చివర రాబోయే రెండొందల ఇళ్ళ ప్లానూ ఆమె గీసిందే. అందులో నలభై ఒకటో నంబరు వీళ్ళది. భర్త ఒక్క మాట అడక్కుండా ఎంచుకొచ్చాడు. వంటింటి కిటికీ మాత్రం నీ ఇష్టమొచ్చిన చోట పెట్టుకోమన్నాడు. ఇల్లు మొత్తంలో తనకు దక్కిన పెత్తనం ఆ కిటికీయేనని తెలుసు. అయినా సిగ్గులేని సంతోషం! రెండుసార్లు చెరిపి, మూడోసారి తూర్పు వైపు వెడల్పుగా గీసుకుంది.

ప్లాను గీయకముందు ఆ స్థలం కొలవడానికి ఆమె, ఆఫీసువాళ్ళు మండుటెండల్లో వెళ్ళారు. మధ్యలో పెద్ద పల్లం. పల్లంలో పక్క గుడిసెల ఆడవాళ్ళు చెలమలు తవ్వి, ఊరిన నీటిని గిన్నెలతో తోడుకుంటున్నారు. ఒకామె ఈమె దోసిట్లో చల్లగా పోసింది. వానలొస్తే ఇక్కడిదాకా నీళ్ళే తల్లీ అని నడుముకు చెయ్యి ఆనించి చూపించింది. కానీ ఆఫీసుకో పద్ధతుంది. కొలిచిన రోజు నీళ్ళు నిలిచి కనిపిస్తేనే ప్లానులో నీలం రంగు. నీలం పడ్డ చోట ఇల్లు కట్టకూడదు. అందుకే కొలతలకెప్పుడూ ఎండలే ముహూర్తం. చెలమల్ని గుంతలని రాసెయ్యమన్నాడు పెద్దసారు. తాగిన నీళ్ళ చల్లదనం నాలుక మీద ఉండగానే రాసేసింది మహాతల్లి.

అనుమతి రాకముందే పల్లంలోకి మట్టి తోలడం మొదలైంది. ఈ వారం నాలుగు రోజులు వాన కొట్టింది. పల్లంలో చోటు లేక నీళ్ళు గుడిసెల్లోకి నడిచాయి. బస్సు కిటికీలోంచి చూసింది. నెత్తిన పెట్టెలతో నిలబడ్డ ఆడవాళ్ళలో ఆ దోసిట్లో పోసినామె ఉందో లేదో పోల్చుకోలేకపోయింది. పోల్చుకోకపోవడమే మేలనుకుంది. అనుకున్నందుకు తన మీద తనకే రోత పుట్టింది.

ఇంటికొచ్చి భర్తతో అంటే, "నువ్వు గీయకపోతే ఇంకొకరు గీస్తారు. నీ ఒక్క గీతకే లోకం ఆగిపోతుందా?" అన్నాడు. నిజమేననిపించింది. మరి తన గీతకు అంత విలువే లేకపోతే, కింద తన సంతకం ఎందుకడుగుతున్నారు? పోనీ సంతకం పెట్టకపోతే అత్తగారి దగ్గు సంగతేంటి? తనకూ ఇల్లు కావాలి. దుమ్ము లేని ఒక్క బల్ల కావాలి. అది అడగడం తప్పా? ముందు నుయ్యి, వెనక గొయ్యి.

మర్నాడు ఆఖరి ప్లాను బల్ల మీదికొచ్చింది. మధ్యాహ్నంలోగా సంతకం పెట్టి పంపాలన్నారు. ఆమె నీలం పెన్సిలు తీసింది. నడుము మీద ఆనిన ఆ చేతిని గుర్తు తెచ్చుకుని, నేల ఎత్తుల అంకెలు చూసుకుంటూ పల్లం చుట్టూ గీత లాగింది. గీత ఒక్కో ఇల్లూ దాటుకుంటూ వచ్చి నలభై ఒకటో నంబరు వంటింట్లో దూరింది. చెయ్యి ఆగిపోయింది. కిటికీని కాస్త పక్కకు జరిపితేనో, అనిపించింది. కిటికీ జరిపితే నీళ్ళాగుతాయా, పిచ్చిదానా! నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. గీత పూర్తి చేసి, సంతకం పెట్టి, పెద్దసారుకు తీసుకెళ్ళి ఇచ్చింది.

ఆయన కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "ఇదేంటమ్మా, మీ ఇంటి మీదుగానే గీశారు?"

అత్తగారికేం చెప్పాలో, రేపు ఈ ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఆమెకు తెలియదు. గొంతు మాత్రం దానంతటదే పలికింది.

"అవును సార్. ఆ నీళ్ళూ ఆ ఆడవాళ్ళూ ముందునుంచీ అక్కడే ఉన్నారు. కొత్తగా వచ్చింది మేమే."