చింతగింజల తీర్పు

ఆదివారం పొద్దున్న బ్రహ్మయ్య బాల్కనీలో చతికిలబడి చింతగింజని సిమెంటు మీద రుద్దుతున్నాడు. ఒక పక్క నల్లటి తొక్క పోయి తెల్లటి పప్పు బయటపడేదాకా రుద్దాలి. సగం గింజలు ఇలా తెల్లబడాలి, సగం నల్లగానే ఉండాలి. చికాగో పక్కనున్న ఈ నేపర్‌విల్ కొట్లలో అమ్మే చింతపండులో గింజన్నది కనబడదు. గింజలున్న చింతపండు కోసం ఆయన అడగని కొట్టు లేదు. ఈ వయసులో చేసే పనేనా ఇది అంటే, ఆయనకు ఇంతకంటే పెద్ద పని లేదు మరి.

మనిషి పొట్టి. చప్పిడి ముక్కు, మిడిగుడ్లు, స్వెటర్లో ఇమడనని మొరాయించే పొట్ట. చికాగోలో ఒక ఇన్సూరెన్స్ కంపెనీకి పాతికేళ్లు ప్రోగ్రాములు రాశాడు. మేనేజర్ కాలేదు, కావాలనీ అనుకోలేదు. రిటైరైన రోజు కేకు కోసే వేళకి సగం మంది ట్రైన్ అందదని వెళ్లిపోయారు. పిల్లలు లేరు. భార్య రాజేశ్వరమ్మ పోయి నాలుగేళ్లయింది. మిగిలిందల్లా చర్చి బేస్‌మెంట్ అద్దెకు తీసుకుని నడిపే ఆదివారం తెలుగు బడి. అందులో ఆయన గుణింతాలు చెప్పడు, ప్రశ్నలడుగుతాడు. నిజమంటే ఏమిటి? మంచివాడంటే ఎవడు? జవాబు చెప్పాలన్న ఉబలాటం పుడితే తెలుగు దానంతటదే వస్తుందని ఆయన నమ్మకం.

కింద కారు హారన్ వినబడింది. కంటి ఆపరేషన్ తర్వాత బ్రహ్మయ్య డ్రైవింగ్ మానేశాడు. అప్పట్నుంచీ రఘువీరే వచ్చి తీసుకెళ్తాడు. ఎమ్మెస్‌కని వచ్చిన కొత్తలో రాజేశ్వరమ్మ పప్పుచారుతో రోజులు గట్టెక్కించినవాడు రఘు. ఇప్పుడు సొంత కన్సల్టెన్సీ పెట్టి, కొత్తగా వచ్చిన కుర్రాళ్లకి ఉద్యోగాలు వేయిస్తున్నాడు. వెనక సీట్లో అతని కూతురు దియ చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చుంది.

"బాబాయ్, క్లాస్ అయ్యాక కమిటీ మీటింగ్ ఉంది కదా. మీరే రిజైన్ చేసేయండి. హెల్త్ బాలేదని అనౌన్స్ చేద్దాం, గౌరవంగా ఉంటుంది," అన్నాడు రఘు.

"గుండె కాస్త నీరసంగా కొట్టుకుంటోందన్నాడు డాక్టరు. నోరు బాగానే ఉందిరా."

"వోటింగ్ దాకా వెళ్తే బాగోదు బాబాయ్."

"వెళ్తే నువ్వు లేవూ?"

"నేనెందుకుండను? నా వోటు మీకే." రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అన్నాడు.

గొడవంతా దియతోనే మొదలైంది. పోయిన నెల రఘు ఇంట్లో భోజనాల దగ్గర, వచ్చినవాళ్లందరి ముందూ తండ్రిని అడిగింది. "డాడీ, నువ్వు జాబ్ ఇప్పించిన ఆ అన్నకి టూ ఇయర్స్ ఎక్స్‌పీరియెన్సే కదా. రెజ్యూమేలో ఎయిట్ అని ఎందుకు పెట్టావ్? అది నిజమా, అబద్ధమా?" అందరూ నవ్వేశారు. రఘు కూడా నవ్వాడు. తండ్రి తేలిగ్గా తీసుకున్నాడని బ్రహ్మయ్య మురిసిపోయాడు. ఆ తర్వాత ఇంకో రెండిళ్లలోనూ పిల్లలు ఇలాంటివే అడిగారు. ఆ ఇళ్లలో ఎవరూ నవ్వలేదు.

ఏటా ఒక ఆదివారం పిల్లలకి సోక్రటీస్ చావు చెప్పడం ఆయన ఆనవాయితీ. ఇవాళ అదే రోజు. సోక్రటీస్ తండ్రి రాళ్లు చెక్కేవాడు, తల్లి మంత్రసాని. ఈయనేమో చెప్పుల్లేకుండా బజారంతా తిరుగుతూ, సేనాపతిని పట్టుకుని ధైర్యమంటే ఏమిటని, భక్తుణ్ని పట్టుకుని భక్తంటే ఏమిటని అడిగేవాడు. జవాబు తెలియనివాళ్లకి ఒళ్లు మండింది. కుర్రాళ్లని చెడగొడుతున్నాడని కేసు పెట్టారు. ఊరు వోటేసి చావమంది. స్నేహితులు పారిపొమ్మన్నా వినకుండా విషం తాగాడు. ముందు పాదాలు చల్లబడ్డాయి, తర్వాత తొడలు, ఆ తర్వాత గుండె. ఆ విషపు మొక్క చూడ్డానికి కొత్తిమీరలా ఉంటుందని చెప్పి, బ్రహ్మయ్య ఫ్లాస్కులోని ధనియాల కషాయాన్ని రాజేశ్వరమ్మ పేరు చెక్కిన స్టీలు గ్లాసులో పోసి గటగటా తాగేశాడు. పిల్లలు కేరింతలు కొట్టారు.

తర్వాత వోటింగ్. ఒక్కొక్కరికీ ఒక తెల్లగింజ, ఒక నల్లగింజ. వదిలేయమంటే తెల్లది, చంపమంటే నల్లది గుడ్డ కప్పిన డబ్బాలో ఎవరికీ కనబడకుండా వేయాలి. ఎప్పట్లాగే పిల్లలు సోక్రటీస్‌ని వదిలేశారు.

"అంకుల్, సీక్రెట్ వోట్ అయితే, ఫ్రెండ్ ఎవరు అని సోక్రటీస్‌కి ఎలా తెలుసు?" అంది దియ.

"తెలియదమ్మా. తెలియకపోతేనే ఎవరి మీదా కోపం ఉండదు."

పిల్లలు పైన హాల్లోకి ఆడుకోడానికి పోయాక, కమిటీలోని ముగ్గురూ వచ్చి పిల్లల కుర్చీల్లోనే సర్దుకుని కూర్చున్నారు. రఘు, బడి చూసుకునే పద్మజ, లెక్కలు చూసే జితేందర్.

"పేరెంట్స్ అందరూ కంప్లైంట్ చేస్తున్నారండీ. నేనేం సమాధానం చెప్పను?" అంది పద్మజ.

"మీ మీద రెస్పెక్ట్ ఉంది సార్. గానీ పోరగాళ్లు ఇంటికొచ్చి లాయర్ల లెక్క అడుగుతున్నరు. మేం తెలుగు నేర్పుమన్నం, ఇది గాదు," అన్నాడు జితేందర్.

"సరే, చేతులెత్తుదామా?" అంది పద్మజ. బ్రహ్మయ్య రఘు ముఖం చూశాడు. పాపం, రోజూ వీళ్లతో తిరగాల్సినవాడు, వీళ్ల ముందు తన కోసం ఒంటరిగా చెయ్యెత్తించడం దేనికనుకున్నాడు.

"చేతులొద్దమ్మా. గింజలున్నాయిగా. ఉండమంటే తెల్లది, పొమ్మంటే నల్లది," అన్నాడు.

ముగ్గురికీ తనే పంచాడు. ముగ్గురూ గుడ్డ కింద చెయ్యి పెట్టి తీశారు. పద్మజ డబ్బా బల్ల మీద బోర్లించింది.

మూడూ నల్లవే.

ఓడిపోవడానికి సిద్ధపడే వచ్చాడాయన. కానీ ఒక్క తెల్లగింజ వస్తుందనుకున్నాడు. రఘు ఆ గింజలకేసి కళ్లప్పగించి చూస్తున్నాడు. మిగతా ఇద్దరిలో ఒకరైనా తెల్లది వేస్తారని, ఆ చాటున తన నల్లగింజ దాక్కుంటుందని నమ్ముకున్న మనిషి ముఖం అది. బ్రహ్మయ్య ఒక్కో గింజనీ తిరగేసి చూశాడు, రెండో పక్కా నలుపే. నాది నల్లదే బాబాయ్ అని కార్లోనే చెప్పి ఉంటే అక్కడికక్కడే తప్పుకునేవాణ్ణి కదా. వీడు నన్నెందుకు మోసం చేశాడు? అందరినీ అడిగినట్టు ఈ ప్రశ్న మాత్రం ఆయన పైకి అడగలేకపోయాడు.

తక్కిన ఇద్దరూ వాడని తెల్లగింజల్ని బల్ల మీద పెట్టి, నమస్కారం పెట్టి వెళ్లిపోయారు.

"బాబాయ్... పదండి, డ్రాప్ చేస్తా."

"నువ్వెళ్లి కారు తియ్యి. కషాయం మిగిలింది, తాగేసి వస్తాను." రఘు గుమ్మం దాకా వెళ్లాక మళ్లీ పిలిచాడు. "ఆ రోజు దియ నిన్నొకటి అడిగింది. జవాబు చెప్పావా?"

రఘు తలుపు పిడి మీద చెయ్యి వేశాడు.

"చెప్పు. నవ్వేసి వదిలేయకు."

బ్రహ్మయ్య ఒక్కడూ గ్లాసు నింపుకుని పిల్లల కుర్చీలో కూర్చున్నాడు. కషాయం చల్లారిపోయింది. పాదాలు చల్లబడుతుంటే బేస్‌మెంట్ నేల కదా అనుకున్నాడు. ఎడమ చెయ్యి బరువెక్కింది. రఘు మీద కోపం తెచ్చుకుందామని చూశాడు. పీట మీద కూర్చుని, "పిన్నీ, ఇంకొంచెం చారు," అని కంచం చాపే బక్కపల్చటి కుర్రాడు అడ్డొచ్చాడు. వాడిని కోప్పడటం ఆయనకు చేతకాలేదు. కళ్లు మూసుకున్నాడు.

హారన్ కొట్టి కొట్టి రఘు కిందికొచ్చాడు. బాబాయ్ అన్నాడు. భుజం పట్టుకుని కదిపాడు. ఆయన తల మెల్లగా ఒక పక్కకి వాలింది. అంబులెన్స్‌కి ఫోన్ చేద్దామని రఘు జేబులోంచి ఫోన్ లాగాడు. దానితోపాటు జారిన చింతగింజ ఒకటి నేల మీద పడి, కాస్త దొర్లి, పొద్దున్న బ్రహ్మయ్య అరగదీసిన తెల్లటి పక్క పైకి పెట్టి ఆగింది.