క్లచ్ వాసన కాదు

ఇస్నాపూర్‌లో ఎల్సీ నడిపే డ్రైవింగ్ స్కూలుకు ఉన్నది ఒకే ఒక్క కారు. తెల్లటి చిన్న బండి, కొని చాలా ఏళ్లయింది. నేర్పేవాళ్లు కూర్చునే పక్క సీటు కింద కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్ బిగించి ఉంటాయి కాబట్టి నేర్చుకునేవాళ్లు తడబడినా ఎల్సీ బండిని ఆపగలదు. అంతకుముందు ఆమె పటాన్‌చెరులో ఒక ప్రైవేటు బళ్లో పాఠాలు చెప్పేది. ఆ అలవాటుతోనేమో, గొంతు పెంచకుండా ఒకే మాటను ఎన్నిసార్లయినా చెప్పగలదు. అందుకే ఆమె దగ్గరికి వచ్చేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. మందుల ఫ్యాక్టరీల్లో ప్యాకింగ్ పనికి పోయేవాళ్లు, నర్సులు, దుకాణాలు నడుపుకునేవాళ్లు షిఫ్టు ముందో వెనకో వచ్చి నేర్చుకుని పోయేవారు.

వాళ్లందరిలోకీ పెద్దది రాజవ్వ. చిట్కుల్‌లో ఉంటుంది. యాభై దాటాయి. ఆమె, భర్త నర్సింహ కలిసి ఇప్పటికీ కూరగాయలు పండిస్తారు. కొడుకు వంశీ ఫ్యాక్టరీలో పని చేస్తాడు. అతను మోజుపడి కారు కొన్నాడు కానీ డ్యూటీకి కంపెనీ బస్సులోనే పోతాడు. కారు ఇంటి ముందు కవరు కప్పుకుని ఉంటుంది. నర్సింహ స్టీరింగ్ పట్టనని తెగేసి చెప్పాడు. ఒకరోజు రాజవ్వ ఎవరికీ చెప్పకుండా ఆటో ఎక్కి వచ్చి, తనకు డ్రైవింగ్ వస్తుందా అని ఎల్సీని అడిగింది. ట్రాక్టర్లు చూసిన మనిషికి ఎందుకు రాదని ఎల్సీ అంటే, ట్రాక్టరు మడ్‌గార్డు మీద కూర్చోవడమే తప్ప నడిపింది లేదని రాజవ్వ నవ్వింది. ఎక్కడికైనా పోవాలంటే ఒకరిని అడుక్కోవడం విసుగొచ్చిందని, అంతకుమించి వేరే కారణం లేదని చెప్పింది.

స్టీరింగ్ ఆమెకు తొందరగానే పట్టుబడింది. ఎడమ కాలే మాట వినలేదు. బండి ఆగిపోతుందన్న భయంతో ఆ కాలు ఎప్పుడూ క్లచ్ పెడల్ మీదే ఉండేది. కాలు పక్కన పెట్టమని ఎల్సీ రోజూ చెప్పేది. రాజవ్వ తీసేది, కాసేపటికి కాలు మళ్లీ అక్కడికే చేరేది.

ఒకరోజు హైవే పక్క సర్వీసు రోడ్డు మీద నడిపిస్తుంటే కారులోకి కాలిన వాసన వచ్చింది. వెనక సీట్లో తన వంతు కోసం కూర్చున్న ఇంకొకామె చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఏదో కాలుతోందంది. ఎల్సీ కిందికి చూసింది. రాజవ్వ కాలు పెడల్ మీదే ఉంది.

"క్లచ్ మీదికెల్లి కాలు తియ్యక్కా, ప్లేట్లు కాల్తున్నయ్" అంది.

రాజవ్వ ఉలిక్కిపడి కాలు ఒక్కసారిగా లాగేసింది. బండి ఎగిరిపడి ఆగిపోయింది. వెనక లారీ గట్టిగా హారన్ కొట్టింది. ఎల్సీ సీటు మారి బండిని పక్కకు తీసింది. తిట్టలేదు. దిగేటప్పుడు రాజవ్వ కొంగుతో మొహం తుడుచుకుంది. రోజూ దిగుతూ రేపు ఎన్ని గంటలకు రావాలని అడిగేది, ఆవేళ అడగలేదు.

మరునాడు రాలేదు. ఫోన్ చేస్తే తోటలో పని ఉందంది. ఆ తరువాతా అదే మాట. చివరికి కిరాణా కొట్టు దగ్గర వంశీ కనబడితే అసలు సంగతి తెలిసింది. టీచరమ్మ బండిని తాను పాడు చేశానని, ఇంట్లో ఉన్న బండి కూడా తన చేతిలో అలాగే అవుతుందని, ఈ వయసులో తనకు ఇదంతా వద్దని వాళ్లమ్మ అంటోందట. కారు వైపు కూడా చూడటం లేదని చెప్పి వంశీ కొంచెం బాధపడ్డాడు. ఎల్సీకి మనసులో ఏదో గుచ్చుకున్నట్టయింది. అయినా క్లచ్ మీద కాలు పెడితే వాసన రావడం నిజమే కదా అని సర్దిచెప్పుకుంది.

ఆ ఆదివారం ఎల్సీ స్కూలు బండిలోనే అత్త సాయమ్మను తీసుకుని సంగారెడ్డి చర్చికి వెళ్లింది. ఆరాధన ముగించుకుని తిరిగి వస్తుంటే దారిలో ఒక ట్రైలర్ అడ్డం తిరిగి హైవే మీద బండ్లన్నీ ఆగిపోయాయి. ఎల్సీ గేరు న్యూట్రల్‌లో పెట్టి, చేతి బ్రేకు వేసి, రెండు కాళ్లూ వెనక్కి తీసుకుని కూర్చుంది. కాసేపటికి ఏసీలోంచి ఆ వాసనే వచ్చింది.

ఎవరో పొయ్యి మీద నూనె మాడబెట్టినట్టుందని సాయమ్మ కిటికీ దించమంది.

ఎల్సీ తన కాళ్ల వైపు చూసుకుంది. క్లచ్ మీద ఎవరి కాలూ లేదు. బండి కదలడం లేదు. ముక్కు పెట్టి మళ్లీ పీల్చింది. క్లచ్ కాలితే వచ్చే ఘాటు ఆమెకు తెలుసు. ఇది అది కాదు. అత్త అన్నట్టు నూనె వాసనే. ఆరోజు సర్వీసు రోడ్డు మీద వచ్చిందీ ఇదే.

సోమవారం పొద్దున్నే మెకానిక్ శ్రీశైలం షెడ్డుకు వెళ్లింది. పాత హైవే పక్కన రేకుల షెడ్డు అది. ఎల్సీ స్కూలు పెట్టినప్పటి నుంచి బండి పనంతా అతనిదే. అతను బానెట్ ఎత్తి, టార్చి వేసి వంగి చూశాడు. ఇంజన్ నెత్తిన మూతలా ఉండే ట్యాపెట్ కవర్ వెనక అంచు నల్లగా, తడిగా ఉంది. కానీ దుమ్ము, జిడ్డు కలిసి అట్ట కట్టడంతో నూనె ఎక్కడి నుంచి వస్తోందో తెలియలేదు. అతను పెట్రోలు ముంచిన గుడ్డతో అంతా తుడిచి ఆరబెట్టాడు. అంచు వెంట మొహానికి పూసుకునే పౌడరు చల్లి, బండిని పటాన్‌చెరు దాకా తిప్పుకుని రమ్మన్నాడు.

తిరిగి వచ్చాక టార్చి వేస్తే తెల్లటి పౌడరు మీద సన్నటి నూనె చార స్పష్టంగా కనబడింది. ట్యాపెట్ కవర్ అంచున మొదలై వెనక వైపు నుంచి కిందికి దిగుతోంది. దాని కిందే సైలెన్సర్ పైపు. ఇంజన్ వేడెక్కినప్పుడు ఆ పైపు మీద పడిన చుక్కలే కాలి వాసన వస్తోందని శ్రీశైలం చెప్పాడు. కవర్‌కీ ఇంజన్‌కీ మధ్య ఉండే రబ్బరు ప్యాకింగ్ వేడికి గట్టిపడిపోయిందన్నాడు. కారేది కొద్దిగానే కాబట్టి ఇప్పుడే తొందరేమీ లేదని, నూనె తగ్గినప్పుడల్లా పోసుకుంటే సరిపోతుందని, సగం బండ్లు ఇలాగే తిరుగుతున్నాయని కూడా అన్నాడు. బండి షెడ్డులో పెడితే ఆమెకు పాఠాలు పోతాయని అతని ఆలోచన.

ఎల్సీ ఆలోచించి చెప్పింది.

"నేను తోలేదైతే పోసుకుంటనే తిరుగుదునన్నా. నా బండ్ల కూసునేటోళ్లు కొత్తోళ్లు. లారీల నడుమ పొగ లేసిందనుకో, మల్ల జన్మల స్టీరింగ్ పట్టరు. ఇప్పుడే మార్చు."

అలాగైతే ఇంజన్ పూర్తిగా చల్లారాలని, బండి ఇక్కడే వదిలి వెళ్తే మరునాడు పొద్దున విప్పుతానని అతను ఒప్పుకున్నాడు.

సాయంత్రం ఎల్సీ ఆటోలో చిట్కుల్ వెళ్లింది. రాజవ్వ వాకిట్లో కూర్చుని గోంగూర కట్టలు కడుతోంది. ఎల్సీని చూసి లేచి కుర్చీ వేసింది, చాయ్ పెట్టింది, సాయమ్మ ఎలా ఉందని అడిగింది. కారు మాట మాత్రం ఎత్తలేదు. చివరికి ఎల్సీయే ఎత్తింది. ఆ వాసన క్లచ్‌ది కాదని, ఇంజన్ మీద నూనె కారుతోందని చెప్పింది.

"నా మనసు కష్టపడొద్దని అంటున్నవ్ టీచరమ్మా" అంది రాజవ్వ, కట్టకు నార చుడుతూ. "నా కాలు పెడల్ మీదనే ఉండె. నాకు తెల్వదా?"

"ఉండె. అది తియ్యాలె, అది వేరే ముచ్చట. గా వాసన మాత్రం నీ కాలుతోని వచ్చింది కాదు. ఏందో తెల్సుకోకముందే నీ మీద పెట్టిన. తప్పు నాది."

రాజవ్వ తలెత్తలేదు. తోటలో మోటారు కట్టేసి వస్తున్న నర్సింహ ఆ మాట విని గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"నా మాట నమ్మకక్కా" అంది ఎల్సీ. " రేపు పొద్దుగాల శ్రీశైలమన్న ఇంజన్ ఇప్పుతడు. వచ్చి నీ కండ్లతోని సూడు."

రాజవ్వ లేచింది. రెండు గోంగూర కట్టలు తెచ్చి ఎల్సీ చేతిలో పెట్టింది.

మరునాడు ఎల్సీ షెడ్డుకు చేరేసరికి శ్రీశైలం పైనున్న వైర్లు, పైపులు విడదీసి ఏ వైరు ఎక్కడిదో గుర్తు పెట్టుకుంటున్నాడు. అతను బోల్టులు తీయడం మొదలుపెట్టాక ఆటో ఆగిన చప్పుడైంది. రాజవ్వ దిగింది. వచ్చి ఎల్సీ పక్కన నిలబడింది.

కవర్ ఒక పట్టాన ఊడలేదు. శ్రీశైలం రబ్బరు సుత్తితో అంచుల మీద మెల్లగా తట్టి పైకి లేపాడు. రాజవ్వ కొంగు నడుముకు దోపి వంగి చూసింది. లోపల నూనెలో తడిసి, పళ్ల చక్రాలు, ఇనుప కడ్డీలు మెరుస్తున్నాయి. ఇంత పని లోపల జరుగుతుంటే మనం పైన కూర్చుని తెలియకుండా పోతామా అని ఆమె ఆశ్చర్యపోయింది. అంతసేపట్లో ఆమె మాట్లాడింది అదే మొదలు.

తరువాత తన కాలు నొక్కే క్లచ్ ఇందులో ఎక్కడుందని శ్రీశైలాన్ని అడిగింది. అతను ఇంజన్ పక్కకు, కిందికి టార్చి వేసి గేర్‌బాక్సు చూపించాడు.

"గా డబ్బా లోపట ఉంటదమ్మా. ఇక్కడికి, దానికి సంబంధమే లేదు. నువ్వు దినమంత క్లచ్ తొక్కినా ఈ ప్యాకింగ్ పోదు. ఇది ముసలిదై పోయింది."

కవర్ గాడిలోంచి పాత ప్యాకింగ్‌ను లాగుతుంటే అది రబ్బరులా సాగలేదు. ఎండిన కొమ్మలా పుటుక్కున విరిగింది. ముక్కలు ఒక్కొక్కటే తీసి అతను పక్కనున్న పేపరు మీద వేశాడు. రాజవ్వ ఒకటి చేతిలోకి తీసుకుని గోటితో నొక్కింది. నొక్కు పడలేదు. దాన్ని పేపరు మీద పెట్టి, పక్కన ఇంకొకటి పెట్టింది. పగిలిన గాజును జత చేస్తున్నట్టు ముక్కలన్నీ అంచుకు అంచు కలిపి పేర్చుకుంటూ పోయింది. ఏం చేస్తోందో ఆమెకే తెలిసినట్టు లేదు, చేతులు ఊరికే ఉండలేక చేస్తోంది. ఒక మూల మాత్రం వేలెడు ఖాళీ మిగిలింది.

"ఇక్కడిది ఏదన్నా?" అని అడిగింది.

శ్రీశైలం చేతిలో పని ఆపేశాడు. కొత్త ప్యాకింగ్ తెచ్చి పక్కన పెట్టి చూశాడు. ముక్క ఒకటి తక్కువే. అది లోపల పడి ఉంటే నూనె దారికి అడ్డం పడుతుందని, దొరికేదాకా కవర్ మూయకూడదని చెప్పాడు. కవర్ గాడి వెతికాడు, లేదు. నేల మీద చూశారు, లేదు. ఎల్సీ టార్చి పట్టుకుంటే అతను ఇంజన్ మూలమూలా చూశాడు. చివరికి వెనక వైపు, ఒక బోల్టు రంధ్రం పక్కన నల్లటి జిడ్డులో అతుక్కుని కనబడింది. అతను సన్నటి పట్టకారుతో పట్టి తీసి రాజవ్వ చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని ఖాళీలో అమర్చింది. సరిగ్గా సరిపోయింది.

ఆ తరువాతి పని నిదానంగా సాగింది. అంచులు తుడవడం, కొత్త ప్యాకింగ్‌ను గాడిలో మెలిక లేకుండా కూర్చోబెట్టడం, మూలల్లో సందు మూసే పేస్టు కొద్దిగా పెట్టడం. బోల్టులను ముందు చేత్తోనే తిప్పి, తరువాత నడుమ నుంచి మొదలుపెట్టి అటొకటి ఇటొకటి కొంచెం కొంచెంగా బిగించాడు. ఒకేసారి ఎందుకు బిగించవని రాజవ్వ అడిగితే, ఒక పక్కే బిగిస్తే ఇంకో పక్క లేస్తుందని, బలం ఎక్కువైతే కవరే పగులుతుందని చెప్పాడు. పేస్టు ఆరేదాకా ముగ్గురూ పక్క హోటల్లో చాయ్ తాగారు.

బండి స్టార్టు చేశాక మళ్లీ అదే వాసన వచ్చింది. రాజవ్వ మొహం వాడిపోయింది. సైలెన్సర్ మీద మిగిలిన పాత నూనె అది, కాలిపోతే పోతుందని శ్రీశైలం చెప్పాడు. నిజంగానే కాసేపటికి పలచబడి పోయింది. అతను అంచు చుట్టూ తెల్ల గుడ్డతో తుడిచి చూపించాడు. గుడ్డ తెల్లగానే ఉంది. వారం తరువాత ఒకసారి తెచ్చి చూపించమన్నాడు.

ఎల్సీ తాళం రాజవ్వ వైపు చాపింది. ఇప్పుడా అని రాజవ్వ వెనక్కి తగ్గింది. ఇంటిదాకా ఎట్లాగూ పోవాలి కదా అంది ఎల్సీ. రాజవ్వ చెప్పులు విడిచి ఎక్కింది. చిట్కుల్ దారిలో ఒక మలుపు దగ్గర బండి ఒకసారి ఆగిపోయింది. ఈసారి ఎవరూ తొందరపెట్టలేదు. ఆమె మళ్లీ స్టార్టు చేసి, గేరు వేసి, ఎడమ కాలు తీసి పక్కన పెట్టుకుంది.

సంగారెడ్డిలో లైసెన్సు పరీక్ష మొదటిసారి తప్పింది. రివర్సులో గీత దాటింది. రెండోసారి పాసైంది. ఆరోజు నర్సింహ కూడా వెంట వెళ్లి, ట్రాకు బయట ఎండలో నిలబడి చూశాడట.

కొన్నాళ్లకు ఎల్సీ ఇస్నాపూర్ కూడలిలో కూరగాయలు కొంటుంటే వంశీ కారు నెమ్మదిగా దాటిపోయింది. స్టీరింగ్ దగ్గర రాజవ్వ, పక్కన ఒడిలో సంచి పట్టుకుని వాళ్ల వీధి కౌసల్యమ్మ. వెనక ఆటోవాడు హారన్ మోగిస్తున్నాడు. కౌసల్యమ్మ ఎల్సీని గుర్తుపట్టి చెయ్యి ఊపింది. రాజవ్వ చూపు రోడ్డు మీది నుంచి పక్కకు తిరగలేదు. ఎల్సీ నవ్వుకుని, బండి మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడింది.