పెనుకొండ చేరిన కొరియా కత్తెర

నేను ఒక కత్తెరను. బట్టలు కత్తిరించేదాన్ని కాను, మీసాలు దిద్దేదాన్ని అసలే కాను. కొరియాలో పుట్టిన వంటింటి కత్తెరను. అక్కడ నేను లేనిదే భోజనం నడవదు. నూడుల్స్ పొడవైతే నేను, మాంసం గట్టిదైతే నేను, క్యాబేజీ పచ్చడికీ నేనే. తినే పళ్లెం పక్కనే దర్జాగా కూర్చునేదాన్ని. ఆ గర్వమంతా పెనుకొండలో దిగిన కొద్దిరోజులకే అణిగింది.

టేజున్ అనే కుర్రవాడు ఇక్కడి కార్ల ఫ్యాక్టరీకి ఇంజనీరుగా వస్తుంటే, వాళ్లమ్మ నన్ను సాక్సుల్లో చుట్టి పెట్టెలో పెట్టింది. అదే ఫ్యాక్టరీలో కొరియావాళ్ల మాటల్ని తెలుగులో చెప్పే ఉద్యోగం హారికది. మాటలు అటూ ఇటూ చేరవేస్తూ చివరికి ఇద్దరూ మనసులూ ఇచ్చిపుచ్చుకున్నారు. మొదటిసారి అతని గదికి భోజనానికి వచ్చిన రోజు, నేను నూడుల్స్ మీదికి దిగగానే ఆ పిల్ల కెవ్వుమంది.

"ఛీ! మా ఇంట్లో దీంతో కాలి గోర్లు తీసుకుంటారు!"

టేజున్ బిత్తరపోయి నన్ను గాల్లో టకటకలాడించాడు. దాంతో ఇంకా కోపం. కత్తెరను ఉత్తినే ఆడిస్తే గొడవలొస్తాయట. నిజమే, అక్కడికక్కడే వచ్చింది. ఆ గొడవ తెచ్చింది నేనా, ఆ నమ్మకమా అని నన్నెవరూ అడగలేదు.

టేజున్ దేశంలో ప్రేమించుకున్నవాళ్లు ఒకే రకం చొక్కాలు వేసుకుని తిరగడం ఒక ముచ్చట. అతను ముచ్చటపడి రెండు గులాబీరంగు చొక్కాలు తెచ్చాడు. హారిక వద్దు వద్దంటూనే వేసుకుంది. ఇద్దరూ బస్టాండు ముందు నిలబడి చెరకురసం తాగారు. గ్లాసులు ఖాళీ అయ్యేలోపే సంగతి హారిక తండ్రి ఓబులేసు చెవిన పడింది. ఆటోకు మైకు కట్టి చాటించినా అంత తొందరగా చేరేది కాదు.

ఓబులేసు అరవలేదు. "ఆదివారం అన్నానికి రమ్మను. చూసి చెప్తా. నేను వద్దంటే మళ్లా ఆ పేరు ఎత్తకూడదు" అన్నాడు. హారిక సరేనంది. ఎలా కూర్చోవాలో, ఏ చేత్తో తినాలో టేజున్‌కు అన్నీ నేర్పి, చివరికి నావైపు వేలు చూపించింది. దీన్ని మాత్రం బయటికి తీయకూడదంది. అతను బుద్ధిగా తలూపి నన్ను సంచిలో, కానుకగా తీసుకెళ్లే ఆపిల్ పండ్ల పక్కన దాచాడు. గదిలో వదిలేయొచ్చు కదా! అమ్మ ఇచ్చిన వస్తువు మరి, వదల్లేకపోయాడు.

కంచాల్లో రాగిసంగటి, నాటుకోడి పులుసు వడ్డించారు. టేజున్ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పెద్దవాళ్లు మొదటి ముద్ద తీసుకోనిదే చిన్నవాళ్లు ముట్టకూడదని వాళ్ల పద్ధతి. ఆ ఇంట్లో పెద్దది ఓబులేసు తల్లి గంగులమ్మ. ఇంటికొచ్చినవాడు తిన్నాకే తాను తినాలని ఆమె పద్ధతి. ఆమె కోసం ఇతను, ఇతని కోసం ఆమె. పులుసు చల్లారిపోతోంది. సంచి సందులోంచి చూస్తున్న నాకు నవ్వాగలేదు. హారిక మొహం చూశాక ఆగింది.

"మన తిండి నచ్చల్యా ఈయప్పకు?" ఓబులేసు గొంతు మారింది. "నచ్చనోడు యాలొచ్చినాడు?"

ఫ్యాక్టరీలో పనివాళ్ల దగ్గర నేర్చుకున్న తెలుగు టేజున్‌ను ఆదుకుంది. "అవ్వ ముందర తినల్ల" అన్నాడు.

గంగులమ్మ మురిసిపోయి కంచం ముందు కూర్చుంది. ముద్దను పులుసులో అద్దుకుని, ముక్కల్ని మాత్రం పక్కకు నెట్టేసింది. "నాకు నోట్లో పండ్లు యాడుండాయి నాయనా. పులుసు చాల్లే."

అంతే, టేజున్ చేయి సంచిలోకి వచ్చింది. హారిక కళ్లతోనే బతిమాలింది. కొరియా భాషలోనూ వద్దంది. కొరియాలో తన అవ్వకు ఏళ్ల తరబడి కోసిపెట్టిన చేయి అది, ఆగలేదు. నన్ను చెంబునీళ్లతో కడిగి, ఎముక మీది మాంసాన్ని విడదీసి, శనగగింజలంత ముక్కలు చేశాడు.

"కూరలో కత్తెరా!" ఓబులేసు లేచి నిలబడ్డాడు.

గంగులమ్మ ఒక ముక్క నోట్లో వేసుకుంది. మెల్లగా చప్పరించింది. ఇంకొకటి వేసుకుంది.

"కూకో ఓబులేసూ. ముక్క తిని ఎన్నేండ్లాయనో. ఇంట్లో ఇంతమంది ఉండారు, ఒగరికన్నా తోచిందా?"

ఓబులేసు తలదించుకుని కూర్చున్నాడు. ఈ దేశం వచ్చాక మొదటిసారి నాకు ఏడుపొచ్చింది. తుప్పు పడుతుందని ఆపుకున్నాను.

వెళ్లేటప్పుడు గంగులమ్మ నన్ను తిరిగివ్వలేదు. "ఇది ఈడే ఉండనీ. నాకు పట్టుకునేది చేతకాదు, చేతి ఏళ్లు వణుకుతాయి. కోసేదానికి పిల్లోడే రావల్ల" అంది. అవునో కాదో చెప్పకుండానే ప్రతి ఆదివారం ఓబులేసే ఫోన్ చేసి టేజున్‌ను పిలవాల్సి వచ్చింది. చివరికి ఒకరోజు విసుగెత్తి, "వారం వారం పిలిపించేకన్నా పెండ్లి చేసేది మేలు" అనేశాడు. హారిక వంటింట్లోకి పరుగెత్తి, నన్ను పట్టుకుని ముద్దుపెట్టుకుంది. కాలి గోర్ల సంగతి ఆ క్షణాన గుర్తురాలేదు పాపం.

ఇప్పుడు నా కాపురం గంగులమ్మ తలగడ కింద. ఒక్క విషయం మీకే చెబుతున్నాను, పెళ్లయ్యేదాకా ఎవరితోనూ అనకండి. అందరూ పనులకు వెళ్లాక ఆమె నన్ను తీసి, మిగిలిన కూరలో ముక్కల్ని చకచకా కత్తిరించుకుని తింటుంది. ఆ వేళ్లు ఏమాత్రం వణకవు.