థైమిన్ అంటే

చొక్కా కాలర్ ఇస్త్రీ చేస్తుంటే మా ఆయన వెనక నుంచి వచ్చి, "సభలో ముందు వరసలోనే కూర్చో. ఎవరైనా పలకరిస్తే నవ్వితే చాలు, సైన్సు మాత్రం మాట్లాడకు," అన్నాడు. తమాషాకే అన్నాడు. నేనూ నవ్వాను.

ఆ రోజు ఆయన పుస్తకం ఆవిష్కరణ. కాలేజీ పిల్లల కోసం రాసిన జీవరసాయనశాస్త్రం. దాని చివర అరవై పేజీల పదకోశం ఉంది. అది నేను రాశాను. పాప చదువుకీ, ఆయన పాఠాలకీ వెళ్ళాక, అత్తయ్యకి మందులిచ్చి, కుక్కర్ విజిల్ మీద ఒక చెవి వేసి, ఏడాదిన్నర పాటు వంటింటి బల్ల మీదే రాశాను. నేనూ అదే సబ్జెక్టులో ఎమ్మెస్సీ. రెండేళ్ళు ల్యాబ్‌లో పనిచేశాను. పాప పుట్టాక మానేశాను. మానేశానో, మాన్పించారో ఇప్పటికీ తేల్చుకోలేదు. "ఖాళీగానే ఉంటావుగా, ఈ మాటలకి అర్థాలు రాసిపెట్టు," అని ఆయన అన్నప్పుడు ఆ 'ఖాళీ'కి కోపం రావాల్సింది పోయి, లోపల గంతులేశాను.

థైమిన్ దగ్గర ఏం రాశానో అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "డీఎన్ఏలోని నాలుగు బేసుల్లో ఒకటి. ఎడినిన్‌తో జతకడుతుంది. ఆర్ఎన్ఏలో దీని చోట యురాసిల్ ఉంటుంది. థయామిన్ అనే బి1 విటమిన్‌తో పొరబడకూడదు." ఆ చివరి వాక్యం రాసి మురిసిపోయాను కూడా. తీరా అచ్చుకి వెళ్ళే ముందు చూస్తే అది కొట్టేసి ఉంది. థైమిన్ కాస్తా థయామిన్ అయింది.

"ఇది విటమిన్ అండీ," అన్నాను.

"రెండూ ఒకటే, పలకడంలో తేడా. ఇరవై ఏళ్ళుగా పాఠం చెప్తున్నవాడికి నువ్వు చెప్తావా? అమ్మ పిలుస్తోంది, చూడు."

వెళ్ళి చూశాను.

సభలో ప్రసంగాలయ్యాక ఒక స్కూలు టీచరు లేచింది. "సార్, డీఎన్ఏ బేసు అని థయామిన్ ఇచ్చారు. అది విటమిన్ కదండీ? పిల్లలు పరీక్షలో ఇదే రాసొస్తారు."

మా ఆయన మైకు దగ్గరికి లాక్కుని, "అదా! పదకోశం మా ఆవిడ టైప్ చేసిందండీ. ఒక చేతిలో గరిటె, ఇంకో చెయ్యి కీబోర్డు మీద మరి!" అని నా వైపు చూపించాడు.

అందరూ గొల్లుమన్నారు. నేనూ నవ్వాను. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, తల వంచుకుని, నిజమే సుమా అన్నట్టు నవ్వాను. నవ్వనిది ఆ టీచరొక్కతే. జాలిగా చూసింది. పక్కన కూర్చున్న పాప నా చేతిలోంచి తన చెయ్యి మెల్లగా తీసేసుకుంది.

కారులో అడిగింది. "నీకు నిజంగా ఆ తేడా తెలీదా అమ్మా?"

ఆయన అద్దంలోంచి నన్ను చూశాడు.

"ఏదో పరధ్యానంలో పడుంటుందిలే," అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక చెవులు కాలిపోయాయి. సభలో అబద్ధం ఆయనది. ఇది నాది. ఎవరూ బలవంతపెట్టలేదు. మూడు రోజులు పాప మొహంలోకి చూడలేకపోయాను. అది బయాలజీలో సందేహమొస్తే నన్ను దాటుకుని వాళ్ళ నాన్న గదిలోకి వెళ్ళింది. నేను కడిగిన గిన్నెలే మళ్ళీ కడుగుతూ నిలబడ్డాను. దానికి అక్షరాలకన్నా ముందు కణం బొమ్మ గీసి చూపించినదాన్ని.

నాలుగో రోజు పొద్దున పబ్లిషరు ఫోను. ఆ టీచరు ఉత్తరం రాసిందట. రెండో ముద్రణలో ఏం మార్చాలో చెప్పమన్నాడు. మా ఆయన గడ్డం గీసుకుంటూ, "నువ్వే మాట్లాడు. టైపింగ్ పొరపాటని చెప్పి సారీ చెప్పెయ్," అన్నాడు. పాప గుమ్మం దగ్గర కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటోంది.

"థైమిన్ అని మార్చండి," అన్నాను. కొట్టేసిన వాక్యం కూడా చెప్పి రాయించాను.

"అలాగేనమ్మా. టైపింగ్‌లో పడిన పొరపాటే కదా?" అన్నాడు పబ్లిషరు మర్యాదగా.

లేసులు కడుతున్న చేతులు ఆగాయి.

"కాదండీ. ఆ పదకోశం నేను టైప్ చేయలేదు, రాశాను. అందులో నేను రాయనిది ఆ ఒక్క మాటే."