తప్పుల్లేని పేజీ

గ్యాస్ లీకులు బాగుచేసే బావ వెబ్‌సైట్‌ను చూస్తే బావమరిదికి ఒళ్లు మండేది. ఎవరో అరకొరగా నేర్చినవాడు కట్టిన పేజీ అది. కోడ్ ప్రమాణాల పరీక్షకు పెడితే ఎర్రగీతలు కుప్పలుతెప్పలుగా వచ్చేవి. అయినా ఊళ్లో గ్యాస్ లీకు అని ఎవరు వెతికినా మొట్టమొదట అదే కనిపించేది. అది అతనికి మింగుడుపడేది కాదు. వెబ్‌సైట్లు కట్టి బతికేవాడాయె, కోడ్ శుభ్రంగా ఉంటేనే సెర్చ్‌లో పైకి వస్తామని కనిపించిన ప్రతివాడికీ చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పేవాడు.

"నా పేజీకేమైందిరా? బానే నడుస్తోందిగా," అన్నాడు బావ.

"మీ అదృష్టం కొద్దీ నడుస్తోంది బావా. నన్ను సరిచేయనివ్వండి."

అక్క నవ్వింది. "ఇస్త్రీ లేని జేబురుమాలు కూడా ముట్టుకోడు వాడు. చేయనివ్వండి, లేకపోతే నిద్రపోడు."

అతను పేజీకి ఒక నకలు తీసి పని మొదలుపెట్టాడు. సగం కట్టింది జనం కంటబడకుండా, ఎప్పుడూ చేసేదే, సెర్చ్ ఇంజన్లకు 'ఈ పేజీని ఎవరికీ చూపొద్దు' అని చెప్పే వరుసొకటి పైన రాసుకున్నాడు. పనయ్యాక పరీక్ష పెడితే ఒక్క తప్పూ లేదు, తెరంతా ఆకుపచ్చ. ఆ సంబరంలో నకలును ఉన్నదున్నట్టు అసలు పేజీ స్థానంలో ఎక్కించేశాడు. ఆ వరుస అలాగే ఉండిపోయింది. పరీక్ష దాన్ని పట్టుకోలేదు. రాతపరంగా అందులో తప్పేమీ లేదు మరి.

వారం తిరిగేసరికి బావ ఫోన్ మోగడం తగ్గింది, ఆ తర్వాత మోగడమే మానేసింది. తుడిచిన రెగ్యులేటర్లనే మళ్లీ తుడుస్తూ షాపులో కూర్చున్నాడాయన. ఊళ్లో లీకులు ఆగిపోవు కదా. జనం ఎవరినో పిలుస్తూనే ఉంటారు. ఆ ఎవరో ఎవరన్నదే ఆయన బెంగ.

ఓ మధ్యాహ్నం బావమరిది వచ్చి లాప్‌టాప్ తెరిచి వెతికాడు. పైన ఏదో కొత్త పేరు, కింద ఫోటో.

"వీడు మొన్నటిదాకా తాళాలు బాగుచేసేవాడు," అన్నాడు బావ మెల్లగా. "గ్యాస్ పని ఎప్పుడు నేర్చాడో."

బావ పేరు మాత్రం ఎంత కిందికి వెళ్లినా లేదు. అతను కోడ్ తెరిచి పైనుంచి చదివాడు. రెండో చూపుకే ఆ వరుస కనపడింది. వెంటనే దాన్ని చెరిపేశాడు. సిగ్గుతో తలెత్తలేకపోయాడు.

"తప్పు నాదే బావా. తీసేశాను. మళ్లీ కనపడడానికి కొన్నాళ్లు పడుతుంది."

"ఈలోగా?"

అంతలో బావమరిది ఫోన్ మోగింది. అమ్మ.

"ఏరా, మీ బావ తను రాకుండా ఇంకెవర్నో పంపాడేం? వంటింట్లో వాసనొస్తోందని ఎప్పట్లాగే ఫోన్లో వెతికి, పైనొచ్చిన దాన్ని నొక్కాను. నీ నంబరు తప్ప ఇంకోటి నాకు గుర్తుండి చావదు కదా. ఈ అబ్బాయి మాటతీరు బానే ఉంది గానీ, చేతిలో పనిసంచి కూడా లేదు."

"అమ్మా, నువ్వు బయటికొచ్చేయ్. అతన్ని కూడా రమ్మను."

బావ అప్పటికే బండి తాళాలు అందుకుని వీధిలోకి పరిగెత్తాడు.

"ఉండరా. లీకెక్కడో కనిపెట్టాలంట, అగ్గిపెట్టె అడిగితే ఇప్పుడే ఇచ్చాను. అదిగో పిలుస్తున్నాడు, చూసొస్తా."

ఫోన్ బల్ల మీద పెట్టిన చప్పుడైంది. అమ్మ చెప్పుల చప్పుడు వంటింటివైపు వెళ్లింది. అతను అమ్మా, అమ్మా అని అరుస్తూనే ఉన్నాడు.