ఆరని కోటు

బన్సీలాల్‌పేట్‌లో మేబెల్ టీచరమ్మ ఇంట్లో రోజు మొదలయ్యేది బేసిను మార్చడంతోనే. పాలవాడు సైకిల్ గంట కొట్టేసరికి, గోడ మేకుకి వేలాడే కోటు కింద బేసిను అంచుదాకా నిండి ఉండేది. భర్త జకర్యా లుంగీ ఎగగట్టి, దాన్ని రెండు చేతులా ఎత్తి, పొట్టకి ఆనించుకుని, చుక్క ఒలక్కుండా పెరటివైపు నడిచేవాడు. ఆ లోపల మేబెల్ ఖాళీ బేసిను తోసేది. సర్వీసంతా రైలు బళ్లకి గార్డుగా చేసిన మనిషి కదా, గుమ్మం దాటేముందు ఓసారి వెనక్కి తిరిగి, అంతా సరిగ్గా ఉందన్నట్టు తలూపేవాడు. చేతులు ఖాళీ లేవు కాబట్టి తల. లేకపోతే జెండాయే ఊపేవాడు.

కోటు మేబెల్ మొదటి భర్త సామ్యూల్‌ది. నల్లటి రబ్బరు రెయిన్‌కోటు. ఆయన కాలవల శాఖలో ఓవర్సీరు. ఒక తుఫాను రోజున, నెల్లూరు కింద కృష్ణపట్నం దగ్గర ఉప్పుటేరు సముద్రంలో కలిసేచోట, గట్టు తెగుతోందని చూడబోయి తిరిగి రాలేదు. మనిషి దొరకలేదు, కోటు దొరికింది. ఆఫీసువాళ్లు దాన్ని గోనెగుడ్డలో చుట్టి పార్సెల్ వేశారు. ఆ బండికి గార్డు జకర్యా. బండి చివర తను కూచునే బ్రేకువాను నేలంతా తడిసిపోతుంటే తన గొడుగు విప్పి మూటమీద పట్టుకు కూచున్నాడట, వాన లోపలినుంచే వస్తోందని తెలియక. సికింద్రాబాదు స్టేషన్లో ఆ మూట మేబెల్ చేతికి అందించినవాడు అతనే.

అప్పట్నుంచీ కోటు ఆరలేదు. రోహిణికార్తె ఎండల్లో మెట్లబావి అడుగు పగుళ్లిచ్చినా, కోటు అంచు నుంచి చుక్కలు పడుతూనే ఉండేవి. నీళ్లు కొంచెం ఉప్పన. వీధి వీధంతా గొంతు పట్టేస్తే ఆ నీళ్లతోనే పుక్కిలించేది. మామిడికాయలు ఊరేసేవాళ్లు చెంబులు తెచ్చేవాళ్లు. క్రిస్మస్ దగ్గర పడితే చర్చిలో పాడేవాళ్లు సీసాలు పంపేవాళ్లు. పూలమ్ముకునే లచ్చమ్మ అయితే రోజూ వచ్చేది. "టీచరమ్మా, జెర కోటు నీళ్లు పొయ్యి. అరిచి అరిచి గొంతు కూసుకపోయింది" అని గుమ్మంలో కూచునేది.

ఇబ్బందల్లా ఒకటే. బేసిను పూటకోసారి మార్చాలి, ఇల్లు విడిచి పోవడానికి లేదు. సామ్యూల్ పోయాక మేబెల్ మౌలాలి దాటి ఎక్కడికీ వెళ్లలేదు. మిషన్ స్కూల్లో పాటలు నేర్పడం, మధ్యాహ్నం గంటలో పరుగున ఇంటికొచ్చి బేసిను మార్చి మళ్లీ పరుగున పోవడం. అలా పరిగెత్తి పరిగెత్తి ఆమె జుట్టు నెరిసింది. డ్యూటీ దిగి ఊళ్లో ఉన్నప్పుడల్లా వచ్చి ఆ బేసిను తను మార్చిపెట్టి, టీ తాగి వెళ్లే జకర్యా జుట్టూ నెరిసింది. ఇద్దరి తలలూ తెల్లబడ్డాక, ఇక నవ్వేవాళ్లు కూడా అలిసిపోయి ఉంటారులే అనుకుని పెళ్లి చేసుకున్నారు.

పెళ్లయిన వారంలో మేబెల్ కోటుని తీసి వసారా అవతల, జామచెట్టు కొమ్మకి తగిలించింది. కొత్త మనిషి ఉన్న గదిలో పాత మనిషి కోటు బాగుండదని. సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చిన జకర్యా దాన్ని తెచ్చి మళ్లీ గదిలో మేకుకే వేశాడు.

"తడిసొచ్చినవాణ్ణి బయట నిలబెడతామా, టీచరుగారూ?" అన్నాడు.

అతను ఆమెకి పెళ్లికి ముందు పెట్టిన పేరు అదే. తర్వాతా మార్చలేదు.

ఆ మాటకి మేబెల్ ఎంత పొంగిపోయిందో, తర్వాత ఆ మాటే ఆమెకి అంత బరువైంది. ఎందుకంటే గోడలు చెమర్చాయి. సున్నం పెచ్చులుగా రాలింది. హార్మోనియం మెట్లు ఉబ్బి, ఒకటి నొక్కితే రెండు పలికాయి. అన్నేళ్ల బొగ్గు పొగ మింగిన జకర్యా ఛాతీకి ఈ చెమ్మ పడలేదు. పడుకుంటే చాలు పిల్లికూతలు. కూచునే నిద్రపోవడం అలవాటు చేసుకున్నాడు, బ్రేకువానులో ఇలాగే కదా అని నవ్వుతూ. పద్మారావు నగర్ డాక్టరు రామభద్రరావు అతన్ని చూసి పంపించేసి, మేబెల్‌ని మాత్రం ఆగమన్నాడు. ఇంకో చలికాలం ఆ గదిలో గడిస్తే ఈ ఊపిరితిత్తులు తట్టుకోవమ్మా అన్నాడు. ఇల్లు మార్చినా లాభం లేదు, కోటు వెంట వస్తుంది కదా అని ఆయనే అన్నాడు. ఇక కోటు సంగతి చూడండి అని మాత్రం అనలేకపోయాడు. చిన్నప్పట్నుంచీ ఆయన పిల్లలు పుక్కిలించింది ఆ నీళ్లే.

మేబెల్ భర్తకి ఏమీ చెప్పలేదు. దసరా సెలవులకి పడవమీద తిరిగొద్దామంది. రైలు పాసు జేబులో పెట్టుకుని పడవేమిటని అతను బోలెడు ఆశ్చర్యపోయాడు. కోటుని రైల్లో కారుస్తూ కూచుంటే పెట్టెలో జనం ఊరుకుంటారా అని ఆమె అడిగింది. న్యాయమే అన్నాడు. చీరాల దాకా స్నేహితుడి బ్రేకువానులో కోటు, పక్క పెట్టెలో వీళ్లు. అక్కడ్నుంచి కాలవమీద పెదగంజాం లాకు దగ్గరికి జట్కాలో. జట్కాలో అతను వెనక్కి తిరిగి కూచునే చోటే ఎక్కాడు.

పడవ ధర్మరాజుది. దక్షిణానికి పెంకులు, ఉత్తరానికి ఉప్పు మోసేది. కోటుని చూడగానే అతను తలగుడ్డ విప్పేశాడు. "ఓవర్సీరు సారుది గదమ్మా" అన్నాడు. ఇంకేమీ అడక్కుండా గెడకర్రొకటి పడవ పక్కకి చాపి కట్టి, దానికి తగిలించాడు. చుక్కలు నేరుగా కాలవలో పడ్డాయి.

మర్నాడు మేబెల్‌కి పాలవాడి వేళకే మెలకువొచ్చింది. గబగబా లేచి కూచుంది. చేతులు బేసిను కోసం చాచుకున్నాయి. బేసిను లేదు, దాని అవసరమూ లేదు. కాలవ నిండా మంచు, రెండు గట్లమీదా సరుగుడు తోటలు, పైన ఉత్తరాన్నుంచి బారులు బారులుగా వస్తున్న గూడబాతులు. ఉత్తరగాలి తిరిగిందని ధర్మరాజు తెరచాప ఎత్తాడు. ఏ పనీ లేకుండా, ఎవరూ పిలవకుండా ఆమె అలాగే చాలాసేపు కూచుంది. ఒళ్లో రెండు చేతులూ ఊరికే పడి ఉన్నాయి, సెలవులిచ్చిన పిల్లల్లాగా.

జకర్యా పడవ చివర, చుక్కాని దగ్గర, వెనక్కి తిరిగి కూచున్నాడు. సర్వీసంతా అతను ఊళ్లని దాటిపోయాకే చూశాడు. ఇక్కడా అంతే. చినగంజాం వెళ్లిపోయాక చినగంజాం అనేవాడు. ఉప్పుమళ్లు కనుమరుగయ్యాక, అవిగో అనేవాడు.

"ఊరు దాటినాక పేరు చెప్తే యాడ దిగేది సారూ?" అని ధర్మరాజు ఏడిపించేవాడు.

"దిగేవాళ్లకి స్టేషన్ మాస్టరున్నాడు. నాకు సంబంధం లేదు" అనేవాడు జకర్యా.

మధ్యాహ్నాలు రొయ్యల పులుసు, ఎర్ర బియ్యం అన్నం. లాకుల దగ్గర నీళ్లు సమం అయ్యేదాకా ఆగితే, పాత లాకు మనుషులు పడవకి కాకుండా కోటుకి దణ్ణం పెట్టేవారు. ఒకాయన చుట్ట దాచుకున్నాడు కూడా. జకర్యా అందరికీ తనే బదులుగా తలూపేవాడు, చుట్టం తరఫున అన్నట్టు. గాలి మంచిదో, పని లేకపోవడం మంచిదో, అతని ఛాతీ కొంచెం నెమ్మదించింది. పూర్తిగా కాదు. వెల్లకిలా పడుకుంటే పిల్లికూతలు మొదలయ్యేవి.

కోటు సంగతి ముందు పసిగట్టింది మేబెల్ చెవులు. ఇంట్లో చుక్కకీ చుక్కకీ మధ్య కీర్తనలో ఒక మాట కూడా పట్టేది కాదు. కొత్తపట్నం దాటాక ఒక పాదం పట్టింది. రామాయపట్నం దగ్గర ఒక చరణం. దక్షిణానికి వెళ్లేకొద్దీ చుక్క ఆలస్యమవుతోంది. ఆమె ఆ మాట ఎవరికీ చెప్పకుండా లోలోపల పాడుకుంటూ కూచుంది, భయంగానూ కుతూహలంగానూ.

కృష్ణపట్నం ఉప్పుటేటిలోకి పడవ తిరిగేసరికి పొద్దు కొంచెం వాలింది. దూరాన సముద్రం తెల్లగా కనబడుతోంది. మేబెల్ ఒక కీర్తన పల్లవి నుంచి ఆమెన్ దాకా పాడింది. చుక్క పడలేదు. మళ్లీ పాడింది. పడలేదు. లేచి వెళ్లి కోటు అంచు పట్టుకుని చూసింది. పొడిగా, ఎండకి కాస్త వెచ్చగా ఉంది. ఇన్నేళ్లలో పొడి కోటుని ముట్టుకోవడం అదే మొదలు. దాన్ని గెడకర్ర మీంచి తీసి, మడతపెట్టి, గుండెలకి పట్టుకుని పడవ అంచున కూచుంది. పడవ ఆపమని ధర్మరాజుకి సైగ చేసింది.

జకర్యా తన చోటు వదిలి వచ్చి పక్కన కూచున్నాడు.

మేబెల్ అప్పుడు చెప్పింది. డాక్టరు అన్నది, తను అనుకున్నది, ఈ ప్రయాణం ఎందుకన్నది. చెబుతున్నంతసేపూ నీళ్లవైపే చూసింది. కోటుని నీళ్లలో వదిలి, సామ్యూల్‌ని ఆయన చోట దించేస్తానంది. గోడలు ఆరతాయంది.

"నాకు తెలుసు" అన్నాడు జకర్యా. "చివర కూచునేవాడికి బండంతా కనబడుతుంది."

"తెలిసీ వచ్చారా?"

"మీ మనసు మారుతుందేమో అని వచ్చాను. ఆ మూట మీ చేతికిచ్చింది నేను. ఇప్పుడు నాకోసం లాక్కుంటే ఎలా? నాకోసమే అయితే వద్దు, టీచరుగారూ."

"మరి నాకోసం?"

జకర్యా చెయ్యి చాచి, మడత విడుతున్న కోటు అంచు సర్దాడు. కోటు ఇద్దరి మధ్యా ఉంది.

అప్పుడే ఈశాన్యం నుంచి నల్లగా మబ్బు కమ్ముకుంది. ఆ కాలంలో ఆ తీరాన వాన చెప్పి రాదు. ధర్మరాజు తెరచాప దించేలోపే దిగబడింది. తాటాకు గూడు కిందికి చేరితే ఒకచోట కారింది, పక్కకి జరిగారు, అక్కడా కారింది. దుప్పట్లు తడిశాయి, మేబెల్ చీర తడిసింది, జకర్యా చొక్కా వంటికి అతుక్కుపోయింది. చలిగాలి ఛాతీకి తగలగానే అతనికి ఊపిరి పట్టేసింది. ఎప్పటి దగ్గులా కాదు. నోరు తెరిచి ఉంది, గాలి మాత్రం లోపలికి పోవడం లేదు. పెదవులు నీలంగా తిరిగాయి. అతని చెయ్యి గాల్లో దేన్నో వెతికింది, జెండానో, మేబెల్‌నో.

పడవ మొత్తంలో పొడిగా ఉన్నది కోటు ఒక్కటే.

మేబెల్ ఆలోచించలేదు. కోటు విదిలించి అతని భుజాలమీద వేసింది. అతను వద్దన్నట్టు తల తిప్పాడు. ఆ స్థితిలోనూ అది వేరేవాళ్లదన్న మొహమాటం.

"తొడుక్కోండి" అంది ఆమె. "ఆయన ఏమీ అనుకోడు."

చేతులు తొడిగి, గుండీలు మెడదాకా పెట్టింది. సామ్యూల్ పొడగరి. జకర్యా వేళ్లు చేతుల్లోపలే ఉండిపోయాయి. ఆమె ఆ చేతుల్నే పట్టుకుని కూచుంది.

కాసేపటికి కోటు కుడి చేతి అంచున ఒక చుక్క ఊరింది. వాన చుక్క కాదు, లోపలినుంచి వచ్చింది. జకర్యా చిన్నగా ఊపిరి తీసుకున్నాడు. ఇంకో చుక్క. ఇంకొంచెం పెద్ద ఊపిరి. తర్వాత ఊపిరికొక చుక్క చొప్పున, అతని ఛాతీలో ఉన్నదంతా ఎవరో ఓపిగ్గా తోడిపోస్తున్నట్టు, రెండు చేతుల అంచులనుంచీ కోటు కారడం మొదలుపెట్టింది. ధర్మరాజు పడవలో నీళ్లు తోడే డబ్బా తెచ్చి కింద పెట్టి, మళ్లీ తన పనికి వెళ్లిపోయాడు. వాన వెలిసేసరికి డబ్బా సగం నిండింది. మేబెల్ అతని వీపుకి చెవి ఆనించి విన్నది. పిల్లికూత లేదు. ఊపిరి ఇస్త్రీ చేసిన గుడ్డలా సాఫీగా ఉంది.

డబ్బాలో వేలు ముంచి నాలుకకి రాసుకుంది. ఉప్పు లేదు. బొగ్గు పొగ వాసన వేసింది.

"వెచ్చగా ఉంది లోపల" అన్నాడు జకర్యా. కోటు చేతుల్లోంచి వేళ్లు బయటికి తీసి, "మేబెల్" అన్నాడు.

ఆమె అతని వైపు తిరిగింది.

"ఇంటికి పోదాం. ముగ్గురం."

తిరుగు ప్రయాణంలో అతను పడవ ముందు కూచున్నాడు. రాబోయే ఊళ్ల పేర్లు ముందే చెప్పాడు. సగం తప్పాయి. ఊళ్లు ముందునుంచి ఎలా ఉంటాయో అతనికేం తెలుసు. ధర్మరాజు ఒక్కటీ దిద్దలేదు.

సంక్రాంతి చలి వచ్చి పోయింది. బన్సీలాల్‌పేట్ ఇంట్లో గోడలు ఆరాయి, కొత్త సున్నం నిలిచింది, హార్మోనియం ఒకటి నొక్కితే ఒకటే పలికింది. కోటు అదే గదిలో అదే మేకుకి ఉంది. డాక్టరు రామభద్రరావు ఒకరోజు దారినపోతూ లోపలికొచ్చి, జకర్యా ఛాతీమీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నాడు. తర్వాత లేచి దాన్ని కోటుమీద పెట్టి విన్నాడు. సరే అన్నట్టు మెడకి తగిలించుకుని, టీ ఇప్పించమన్నాడు.

అప్పుడప్పుడు, బాగా మంచు పట్టిన పొద్దుల్లో మాత్రం, కోటు కింద ఒక గిన్నెడు నీళ్లు ఉండేవి. ఆ రోజు జకర్యా పడాల్సిన ఆయాసం అది అని ఇంట్లో ఇద్దరికీ తెలుసు. వీధివాళ్లు ఆ నీళ్లూ వదల్లేదు. లచ్చమ్మ ఒకనాడు నోట్లో పోసుకుని, గరగర పుక్కిలించి, ఉమ్మేసి, మొహం చిట్లించింది.

"ఏందీ టీచరమ్మా, ఉప్పేడ పోయింది? రైలు పొగ లెక్క ఉన్నయ్ నీళ్లు."

"గొంతు ఎలా ఉంది?" అంది మేబెల్.

లచ్చమ్మ సవరించుకుని, వీధి చివరిదాకా వినబడేట్టు చేమంతిపూలో అని ఒక్క కేక పెట్టింది. అది, స్టేషన్ వదిలే బండి కూతలాగా, ఎక్కడా ఆగకుండా మెట్లబావి దాటి పోయింది. గదిలో వెల్లకిలా పడుకుని నిద్రపోతున్న జకర్యా ఆ కూతకి కళ్లు తెరవకుండానే కుడి చెయ్యి పైకెత్తి, లైన్ క్లియర్ అన్నట్టు ఊపి, మళ్లీ ఛాతీమీద పెట్టుకున్నాడు.