రోజీకి పోసిన నీళ్లు

మారెమ్మను ఎవరూ ఏ పనీ చేయనివ్వరు. నలభై ఎనిమిదేళ్లకే నడుము వంగి, మోకాళ్లు ముడుచుకుపోయిన మనిషి. చీపురు పట్టుకుంటే కూతురు గ్రేస్ లాక్కుంటుంది, బిందె పట్టుకుంటే పక్కింటి బీరమ్మ లాక్కుంటుంది. "నువ్వు కూసో, నేను చేస్త" అనే మాట విని విని ఆమెకు ఒళ్లు మండేది. ప్రేమతోనే అంటారు, కాదనలేం. కానీ మనిషిని మూలకు నెట్టే ప్రేమ కూడా ఒకటుంటుంది.

అట్లాంటి ఇంటికి రోజీ వచ్చింది. చౌటుప్పల్ మందుల కంపెనీ ల్యాబులో గ్రేస్‌తో పనిచేసే శివకుమార్ పుణెకు ఉద్యోగం మారుతూ, తను పెంచుకుంటున్న ఈ ఆక్సలాటల్ అనే నీటిప్రాణిని గాజుతొట్టితో సహా ఆమెకిచ్చేశాడు. జానెడు పొడవు, పాలరంగు ఒళ్లు, మెడకు రెండు పక్కలా గులాబీరంగు కుచ్చులు, నాలుగు బుల్లి కాళ్లు. బతుకంతా నీళ్లలోనే.

"ఇది చేపనా, బల్లినా?" అంది మారెమ్మ.

"రెండూ కాదమ్మా. దీని కాలు తెగినా మళ్ల మొలుస్తదంట."

మారెమ్మ తన మోకాళ్ల వంక చూసుకుంది. "పెట్టి పుట్టింది" అంది.

గ్రేస్ పొద్దున ఏడింటికి నార్కట్‌పల్లిలో కంపెనీ బస్సెక్కితే సాయంత్రమే రావడం. అందుకని రోజీని తల్లికే అప్పజెప్పింది. ఎండకు నీళ్లు వేడెక్కితే ఫ్రిజ్జులో గడ్డకట్టిన సీసా తొట్టిలో వేయాలి. రోజుకో ఎర్రను, అదే వానపామును, తినిపించాలి.

"దినాం జర్రన్ని నీళ్లు మార్చు. బోరు నీళ్లే పొయ్యి. నల్లా నీళ్లల్ల మందు కలుపుతరు, ఫిల్టర్ నీళ్లల్ల సారమే ఉండది. నువ్వే చూస్కోవాలమ్మా."

నువ్వే చూసుకోవాలి. ఆ మాట అనిపించుకుని ఎన్నేళ్లయిందో! మారెమ్మ పొంగిపోయింది.

నల్లా పక్కన తడిమట్టిలో పాత గరిటెతో ఎర్రలు తవ్వింది. నడుము ముందే వంగి ఉంది కాబట్టి కొత్తగా వంగే పని లేదని తనమీద తనే నవ్వుకుంది. పుల్లతో ఎర్రను అందిస్తే రోజీ గుటుక్కున మింగేది.

నీళ్ల దగ్గరే ఆమెకు చెయ్యి ఆడలేదు. తనను ఇట్లా చేసింది ఆ బోరే. పుట్టినప్పటి నుంచి ఆ నీళ్లే తాగింది. పళ్లు గారపట్టినప్పుడు పట్టించుకున్న నాథుడు లేడు. కాళ్లు వంగాక దవాఖానలో తాపీగా చెప్పారు, ఫ్లోరైడు అని. ఆ నీళ్లను చేతులారా ఒక పసిప్రాణానికి పొయ్యాలా? గ్రేస్ చదువుకుంది సరే, క్యాన్ నీళ్లు తాగి పెరిగిన పిల్లకు బోరు సంగతేం తెలుసు?

తాగడానికి క్యాన్‌లో తెచ్చుకున్న ఫిల్టర్ నీళ్లనే చెంబుతో ముంచి తొట్టిలో పోసింది. జర్రన్ని మార్చడం పిసినారితనంలా తోచి, రోజూ సగం మార్చింది. క్యాన్ తొందరగా అయిపోతే కూతురు కనిపెడుతుందని తను బోరు నీళ్లు తాగింది.

పదో రోజుకు రోజీ ఎర్రను ముట్టలేదు. కడుపు ఉబ్బింది, కుచ్చులు పాలిపోయాయి. గ్రేస్ కంగారుపడి శివకుమార్‌కు ఫోన్ చేసింది. స్పీకర్లో అతను మొదట అడిగింది ఒక్కటే. "ఏ నీళ్లు పోస్తున్నరు?"

"బోరు నీళ్లే" అంది గ్రేస్.

మారెమ్మ నోరు తెరవబోయి మూసుకుంది. చెబితే ఈ పనీ చేతిలోంచి పోతుంది. మళ్లీ మూల, మళ్లీ ఆ మాట.

మంచినీళ్లు ఇంకా చాలలేదేమో అనుకుంది ఆ పిచ్చితల్లి. మరునాడు తొట్టి మొత్తం ఖాళీ చేసి, క్యాన్ నీళ్లతో నింపింది.

సాయంత్రం గ్రేస్ వచ్చేసరికి రోజీ వెల్లకిలా తేలుతోంది. ఏడ్చి ఏడ్చి గొంతెండిన మారెమ్మ గడపలో కూర్చుని, బోరు బకెట్లో చెంబు ముంచుకుని తాగుతోంది. గ్రేస్ ఆ చెంబు చూసింది. ఖాళీ క్యాన్ చూసింది.

"నువ్వు గీ నీళ్లు తాగుకుంట, దానికి ఫిల్టర్ నీళ్లు పోసినవా? గా బోరు నీళ్ల సారంతోనే అది బతుకుతదని చెప్పిన గదమ్మా!"

"నన్ను గిట్ల చేసిన నీళ్లను దానికెట్ల పోస్త బిడ్డా?"

గ్రేస్‌కు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. రోజీని గుడ్డలో చుట్టింది. దాన్ని పాతిపెట్టే గుంట తానే తీయాలని మారెమ్మ గోడ పట్టుకుని లేచి, ఎర్రలు తవ్విన గరిటె అందుకుంది.

గ్రేస్ మెల్లగా ఆ గరిటె తీసుకుంది. "నువ్వు కూసో అమ్మా, నేను చేస్త" అంది, ప్రేమగానే.

మారెమ్మ కూర్చుంది.